నూర్‌బీ కట్టిన బిళ్ల

గూడూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఉన్న మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లు డాక్టరు పేరు మరిచిపోతారేమో గానీ నూర్‌బీ గొంతు మాత్రం మరిచిపోరు. "పట్టు! ఊపిరి పట్టు! కదిలినావంటే మళ్లీ తీయాల!" అని ఆమె తలుపు దగ్గర నిలబడి అరిస్తే లోపల ఉన్న మనిషే కాదు, వరండాలో బెంచీల మీద కూచున్నవాళ్లు కూడా ఊపిరి బిగబట్టేవాళ్లు. ఇంకా విడ్డూరం ఏమిటంటే, ఆమె కూడా పట్టేది. "ఇంక వదిలేయ్" అనేదాకా రోగితో పాటు బుగ్గలు పూరించుకుని అలాగే నిలబడేది. ఎందుకక్కా నీకీ అవస్థ అని ఎవరైనా అడిగితే, "వాళ్లను పట్టమని చెప్పి నేను హాయిగా పీలుస్తా ఉంటే ఏం బాగుంటది?" అనేది.

ఆమె చేసేది ఆయా పని. గది తుడవడం, గౌన్లు అందించడం, బిగుసుకుపోయిన ముసలివాళ్లను బల్ల మీదికి ఎక్కించడం. ఆసుపత్రిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. కానీ ఆ గదికి ఆమె మొదట వచ్చింది పనికి కాదు. భర్త ముబీన్ గూడూరులో అభ్రకం రేకులు చీల్చే పని చేసేవాడు. ఆ దుమ్ము పీల్చీ పీల్చీ దగ్గు పట్టుకుంది. గోడకున్న స్టాండుకు ఆనించి ఫోటో తీస్తే, ఛాతీ అంతా పిండి చల్లినట్టు వచ్చింది. ఆయన ఎక్కువ కాలం బతకలేదు. పిల్లలా లేరు. అప్పటి పెద్ద డాక్టరమ్మ "ఇంటికి పోయి ఒక్కదానివీ ఏం చేస్తావు, ఇక్కడే ఉండిపో" అంటే ఉండిపోయింది. ఏ గదిలో ముబీన్ రోగం బయటపడిందో ఆ గదే ఆమెకు కూడు పెట్టింది.

ఆ గది అంటే ఆమెకు భయమూ ఉండేది, భక్తీ ఉండేది. మీట నొక్కితే కిరణాలు వస్తాయి, ఆపేస్తే ఆ క్షణమే పోతాయి, లైటు ఆర్పితే వెలుతురు పోయినట్టే అని ఎంతమంది ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెవికెక్కలేదు. "పొయ్యి ఆర్పినాక పొగ వెంటనే పోతదా? గదిలో తిరగతా ఉంటది" అనేది. రోజూ పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, కిటికీలు బార్లా తెరిచి, ఫ్యాను వేసి, రాత్రి మిగిలిన కిరణాలను చీరకొంగుతో బయటికి తోలేది. చూసేవాళ్లకు నవ్వొచ్చేది. గదికి గాలి తగిలితే మంచిదే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఆ పట్టించుకోకపోవడమే తర్వాత ప్రాణం మీదికి తెచ్చింది.

అబిగయీలుది వెంకటాచలం. ఎక్స్‌రే టెక్నీషియన్‌గా ఈ ఆసుపత్రిలో చేరినప్పుడు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. భర్త రూఫస్ గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో కాటా దగ్గర పని చేస్తాడు. నెమ్మదైనవాడు, ఇంటికొస్తే ఇల్లంతా నిమ్మకాయ వాసన. ఆసుపత్రి వెనక క్వార్టర్సులో కాపురం. ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. చర్చిలో ఎవరి బిడ్డకు పేరు పెట్టినా ముందు వరుసలో నిలబడి పాట పాడేది అబిగయీలే, ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చేదీ ఆమే. ఆ ఏడుపు తెలిసినవాళ్లు ఇద్దరే, ఒకరు రూఫస్, రెండోవారు నూర్‌బీ. పొద్దున ఉబ్బిన కళ్లతో వస్తే నూర్‌బీ ఏమీ అడిగేది కాదు. గ్లాసు నిండా టీ తెచ్చి ముందు పెట్టి, "తాగు పాపా, జనం వచ్చేస్తారు" అనేది. అంతే.

అలాంటిది, ఒకరోజు అబిగయీలు టీ వాసనకే మొహం తిప్పుకుంటే నూర్‌బీ గ్లాసు కిందపెట్టి, ఆమెను ఎగాదిగా చూసి, రెండు చేతులూ మొహానికి రుద్దుకుంది. "అల్లా! విన్నాడు!" అంది. పరీక్ష చేయించుకున్నది ఆ తర్వాతే. డాక్టరు కన్నా ముందే ఈమె చెప్పేసిందని అబిగయీలు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటుంది.

సూపరింటెండెంటు డాక్టర్ ఆనందబాబు మంచివాడు. అబిగయీలును పగలు మాత్రమే డ్యూటీకి రమ్మన్నాడు, సీసపు గోడ వెనకనుంచి తప్ప మీట నొక్కొద్దన్నాడు. సాయంత్రం డ్యూటీ హెన్రీ అనే కుర్ర టెక్నీషియన్‌కు అప్పజెప్పాడు. ఇక జాగ్రత్త విషయంలో మిగిలింది బిళ్ల.

ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్లు ఛాతీ మీద పెట్టుకునే బ్యాడ్జిని అక్కడ అందరూ బిళ్ల అంటారు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ డబ్బీ. లోపల చొక్కా గుండీల్లాంటి తెల్లటి గుండ్రటి ముక్కలు మూడుంటాయి. టెఫ్లాన్ అనే ప్లాస్టిక్‌లో ఒక మందుపొడి కలిపి చేసిన గుండీలవి. ఒకదాని మీద లోహపు రేకు, ఒకదాని మీద ప్లాస్టిక్ మూత, మూడోదాని మీద ఏమీ ఉండదు. మనిషి మీద పడిన కిరణాలు ఈ గుండీల మీదా పడతాయి. అవి ఆ బలాన్ని లోపల దాచుకుంటాయి. మూడు నెలలకోసారి బిళ్లను చెన్నై పక్కనున్న ల్యాబుకు పంపిస్తే, అక్కడ ఆ గుండీలను వేడి చేస్తారు. వేడి తగలగానే దాచుకున్నదంతా వెలుగుగా బయటికొస్తుంది. ఎంత వెలుగొస్తే ఆ మనిషి మీద అంత పడిందని లెక్క.

పొద్దున అబిగయీలు కోటుకు బిళ్ల పెట్టేది నూర్‌బీయే, సాయంత్రం తీసేదీ నూర్‌బీయే. పని అయిపోయాక బిళ్లను గది బయట, ఆఫీసు గోడ మీద ఉన్న చెక్కకు తగిలించాలి. అది నియమం. "భద్రంగా పెట్టినావా అక్కా?" అని అబిగయీలు అడిగేది. "భద్రంగా పెట్టినా, నువ్వు పో" అని నూర్‌బీ అనేది. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు.

రిపోర్టు వచ్చేసరికి అబిగయీలుకు అయిదు నెలలు నిండాయి. మామూలుగా పోస్టులో వచ్చే కాగితం ఆసారి ఫోనుగా వచ్చింది. ఆనందబాబు ఆమెను పిలిచి కూచోమన్నాడు.

"అమ్మాయీ, నీ బిళ్లలో చాలా ఎక్కువ వచ్చింది. మామూలు ఎక్కువ కాదు. ఏళ్ల తరబడి పనిచేసినా రానంత, మూడు నెలల్లోనే వచ్చింది."

"ఎట్లా సార్? నేను గోడ దాటి ఇవతలికే రాలేదే!"

"బిళ్లను గదిలో ఎక్కడైనా వదిలేశావా?"

"ఒక్కరోజు కూడా లేదు సార్. రోజూ అక్కే తీసి పెడతది."

నూర్‌బీని పిలిచి అడిగారు. ఆమె గుండె మీద చెయ్యేసుకుని "భద్రంగానే పెట్టినా సార్, ఒక్కరోజు తప్పలేదు" అంది. అయితే ఆ కిరణాలన్నీ అబిగయీలు ఒంటి మీద పడ్డట్టే. అంటే కడుపులో బిడ్డ మీద.

నెల్లూరులో కాన్పుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు రూఫస్. ఆవిడ స్కానింగు చూసి, రిపోర్టు చూసి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. "బిడ్డ పెరుగుదల బాగానే కనిపిస్తోంది. కానీ బిళ్ల మీద పడినంతా నిజంగా నీ మీద పడి ఉంటే, పుట్టాక ఎలా ఉంటుందో నేను మాటివ్వలేను. ఉంచుకోవాలో వద్దో మీరిద్దరూ ఆలోచించుకోవాలి. చట్టం ఒప్పుకునే గడువు ఎంతో లేదు. ఆలోగా ఆ బిళ్ల సంగతి ఏదైనా తేలితే నాకు చెప్పండి" అంది. బస్సులో తిరిగొస్తుంటే బిడ్డ కదిలింది. ఆ కదలిక కోసం అన్నేళ్లు మోకాళ్లూనిన మనిషి, ఆ పూట కడుపు మీద చెయ్యి వెయ్యడానికి కూడా భయపడింది.

"నువ్వేం చెప్తే అదే" అన్నాడు రూఫస్. ఇంకేమనగలడు పాపం.

మర్నాడు డ్యూటీ గదిలో అబిగయీలు బల్ల మీద తలపెట్టుకుని ఏడుస్తుంటే నూర్‌బీ వచ్చి వీపు నిమిరింది. "ఏందమ్మా, ఏమొచ్చిందంట బిళ్లలో?"

"చానా వచ్చిందంట అక్కా. ఎవరికీ రానంత వచ్చిందంట."

నూర్‌బీ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "అంత మింగిందా! అల్లా మేలు చేసినాడు పాపా! అంత మింగిందా!" అని చేతులెత్తి మొక్కింది.

అబిగయీలు తల ఎత్తింది. జన్మలో ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి ఒంటికాలి మీద లేచింది. "నీకు మతి ఉండే మాట్లాడతా ఉండావా? నా బిడ్డ పోతా ఉంటే నీకు సంతోషంగా ఉండాదా? పో అవతలికి! నా మొహం చూడొద్దు!"

నూర్‌బీకి తలకొట్టేసినట్టయింది. తనేం తప్పు మాట్లాడిందో ఆమెకు అర్థం కాలేదు. చీపురు తీసుకుని బయటికి పోయింది. ఆ తర్వాత కొన్ని రోజులు ఆ వరండాలో "ఊపిరి పట్టు" అన్న కేక వినపడలేదు. హెన్రీ సన్నగా "బ్రీత్ ఇన్, హోల్డ్" అంటే జనం ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్లు. మూడింట ఒక ఫోటో చెడిపోయేది.

అబిగయీలును ఎక్స్‌రే గదిలోకి పోవద్దన్నారు. పగలు డ్యూటీ కూడా హెన్రీకే పడింది. ఖాళీగా ఇంట్లో కూచుంటే పిచ్చెక్కేట్టుందని ఆమే అడిగి, ఆఫీసులో కంప్యూటరు ముందు కూచుంది. క్షయ క్యాంపు కోసం పాత ఛాతీ ఫోటోలు వేరుచేసే పని. ఫోటో తర్వాత ఫోటో. మనసు మాత్రం వేరే చోట ఉంది.

దొరవారిసత్రం నుంచి వచ్చిన పెంచలయ్య అనే జాలరి ఫోటో తెరిచినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. ఎడమ భుజం పైన, ఫోటో మూలలో, ఒక తెల్లటి చిన్న గుండ్రటి మచ్చ. దాని కింద మసగ్గా ఇంకొకటి. పక్కన క్లిప్పులాంటి గీత. సాయంత్రం డ్యూటీ మొదలుపెట్టబోతున్న హెన్రీని పిలిచింది.

"ఇదేంది హెన్రీ? రోగి ఒంటి మీద లోహం ఉంటే తీయించాలని తెలీదా?"

హెన్రీ వంగి చూసి తేలిగ్గా తీసేశాడు. "తాయెత్తక్కా. తీయమంటే తీయరు, పోట్లాటకొస్తారు. మూలలో ఉండాది గదా, ఊపిరితిత్తులకు అడ్డం లేదని వదిలేసినా. చానామందికి ఉంటాయి."

అది నిజమే. ఈ చుట్టుపక్కల ఫోటోల్లో తాయెత్తులూ, మొలతాడు బిళ్లలూ, పిన్నీసులూ కనపడడం కొత్తేమీ కాదు. అబిగయీలు ఊరుకుని తర్వాతి ఫోటో తెరిచింది. అదే మచ్చ, అదే మూల. ఇంకోటి తెరిచింది. అక్కడే. రొయ్యల గుంటల కాపలావాడికీ, నిమ్మతోట కూలిమనిషికీ, అందరికీ ఒకే కొలత, ఒకేచోట. ఇంకోటి తెరిచి, పేరు చదివి, కుర్చీలోంచి లేచి నిలబడింది.

"హెన్రీ! యెహోషువ పాస్టరుగారు తాయెత్తు కట్టుకున్నారా?"

హెన్రీ మళ్లీ వంగి చూశాడు. ఆదివారం ఆదివారం తాయెత్తులు కట్టుకునేవాళ్ల మీద గంటసేపు ప్రసంగం చేసే పాస్టరుగారు ఆయన. దగ్గు వస్తే ఒక సాయంత్రం ఇక్కడే ఫోటో తీయించుకున్నాడు. ఆయన భుజం మీద కూడా ఆ మచ్చ ఉంది!

అబిగయీలు పొద్దుటి ఫోటోలు తెరిచింది. ఒక్కదానిలో కూడా లేదు. సాయంత్రం తీసినవి తెరిచింది. అన్నింటిలో ఉంది. ఎప్పటినుంచీ అని వెనక్కి పోతే, కొత్త బిళ్ల వచ్చిన వారం నుంచి. ఎప్పటివరకూ అని ముందుకొస్తే, దాన్ని ల్యాబుకు పంపి ఇంకోటి తెచ్చుకున్నాక కూడా, తనను గదిలోకి పోవద్దన్న రోజు వరకూ. రేకు ఉన్న గుండీ తెల్లగా పడింది, ప్లాస్టిక్ మూత ఉన్నది మసగ్గా పడింది, ఏమీ లేనిది అసలు పడలేదు. తన గుండెల మీద రోజూ పెట్టుకునే బిళ్లను ఆమె గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు?

పోవద్దన్న గదిలోకే పోయింది. యంత్రం ఆపి ఉంది కాబట్టి భయం లేదు. ఛాతీ ఫోటోలు తీసే స్టాండుకు పైమూలలో, ఎవరి చూపూ పోనిచోట, చిన్న కొక్కెం ఉంది. దానికి ఒక నల్లదారం ముక్క వేలాడుతూ ఉంది.

"అక్కా!" అని అరిచింది. ఆసుపత్రంతా వినపడింది.

నూర్‌బీ పరుగెత్తుకొచ్చింది. దారాన్నీ అబిగయీలునూ మార్చి మార్చి చూసింది. దాచిపెట్టాలన్న ఆలోచనే ఆమెకు లేదు.

"ఇక్కడే కట్టేదాన్ని పాపా. సాయంత్రం నీ కోటుకు తీసి ఇక్కడ కట్టి, పొద్దున్నే వచ్చి విప్పేదాన్ని."

"ఎందుకక్కా?"

"ఎందుకేంది? మింగేదానికి! తాయెత్తు ఒంటి మీదికి వచ్చే కీడును తను తీసుకుంటది గదా, ఇదీ అంతే గదా. లేకుంటే మూడు నెలలకోసారి పాతది తీసేసి యాడికో దూరం పంపించి కొత్తది ఎందుకు తెప్పిస్తారు? నిండిపోతదని గదా! పగలు నీ దగ్గర ఉంటది. రాత్రి ఊరికే గోడకు వేలాడితే ఏం లాభం? ఇక్కడ కడితే గదిలో తిరిగేదంతా అది మింగేస్తది, పొద్దున నువ్వొచ్చేసరికి గది శుభ్రంగా ఉంటదని కట్టినా. చానా వచ్చిందంటే, అమ్మయ్య, నా బిడ్డకు తగలాల్సిందంతా అదే మింగిందని…" దారం ముక్కను వేలికి చుట్టుకుంది. "నువ్వు నన్ను పొమ్మన్నావు."

అబిగయీలు కింద కూలబడిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో హెన్రీకి అర్థం కాలేదు, ఆమెకూ తెలీదు. బిళ్ల తన ఒంటి మీద లేని గంటల్లో, తను క్వార్టర్సులో చారు కాచుకుంటున్న వేళల్లో, హెన్రీ మీట నొక్కినప్పుడల్లా ఆ కిరణాలు నేరుగా బిళ్లకు తగిలాయి. బిడ్డకు కాదు. రెండు చేతులూ కడుపు చుట్టూ వేసుకుని, "స్తోత్రం ప్రభువా, స్తోత్రం, స్తోత్రం" అంటూనే ఉండిపోయింది. అన్ని రోజుల తర్వాత కడుపు మీద చెయ్యి వేయడం అదే మొదలు.

ఆనందబాబు ల్యాబుకు ఫోను చేస్తే, ఫోటోలు తీసుకుని మనుషుల్నే రమ్మన్నారు. అబిగయీలు, నూర్‌బీ, రూఫస్ ముగ్గురూ గూడూరులో రైలెక్కారు. నూర్‌బీ తనను జైల్లో వేస్తారేమోనని దారిపొడుగునా దువా చదువుకుంటూనే ఉంది.

ల్యాబులో ఒక మేడమ్ ఫోటోలన్నీ చూసింది. గుండీలు మూడూ వేడి చేసినప్పుడు వచ్చిన వెలుగుల గీతలను కంప్యూటరులో తెరిచి, ఒకదానితో ఒకటి పోల్చింది. యంత్రం కిరణాలు అడ్డం ఏదీ లేకుండా నేరుగా తగిలితే ఎలా ఉండాలో అలాగే ఉన్నాయని చెప్పింది. "ఇది మీ ఒంటి మీద పడింది కాదమ్మా. బిళ్ల ఒక్కదాని మీద పడింది. పగలు మీ దగ్గరున్నప్పుడు పడిందెంతో విడిగా చెప్పలేను. కానీ గోడ వెనక ఉండి పనిచేసే వాళ్లకు మామూలుగా పడేది చాలా కొద్ది. పాత బిళ్లలన్నీ చూశాను, మీకెప్పుడూ ఏమీ లేదు. మీ డాక్టరుగారికి ఇవాళే రాసి పంపిస్తాను. నిశ్చింతగా బిడ్డను కనండి" అంది. రూఫస్ ఆ మాట విని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నూర్‌బీ మాత్రం, "మేడమ్, అది మింగిందో లేదో ఒక్కసారి చూపిస్తారా?" అని అడిగింది.

ఆ మేడమ్‌కు ఎందుకో ముచ్చటేసింది. చిన్న గదిలోకి తీసుకెళ్లి, పట్టకారుతో ఒక తెల్ల గుండీని తీసింది. "మామూలు బిళ్లల వెలుగు కంటికి ఆనదమ్మా, యంత్రమే చూడగలదు. దీని మీద పరీక్షకోసం బోలెడన్ని కిరణాలు పడనిచ్చాం. ఇది కనపడుతుంది" అని లైట్లు ఆర్పి, దాన్ని వేడి పలక మీద పెట్టింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత చీకట్లో ఒక చుక్క తేలింది. నిమ్మకాయ తొక్క లోపలివైపు రంగు. మెల్లగా పెరిగింది, గుండ్రంగా నిండింది, మెల్లగా తగ్గి ఆరిపోయింది. పక్కన నూర్‌బీ ఊపిరి బిగబట్టిందని అబిగయీలుకు చీకట్లోనే తెలిసిపోయింది. ఆ వెలుగు పోయాకే ఆమె "ఉఫ్" మని వదిలింది.

"ఇంకోసారి పెట్టండి మేడమ్."

"ఇక రాదమ్మా. దాచుకున్నదంతా ఇచ్చేసింది."

"ప్లాస్టిక్‌కే అంత శక్తి ఉందా మేడమ్?" అని అబిగయీలు అడిగింది.

"కొన్ని ప్లాస్టిక్‌లు కిరణాలు తగిలితే వాటంతటవే కొద్దిగా దాచుకుంటాయి, వేడి చేస్తే కొద్దిగా వెలుగుతాయి. అది మరీ కొంచెం. అందుకే ఈ పొడి కలిపేది."

లైట్లు వేయగానే నూర్‌బీ గెలిచినదానిలా చూసింది. "నేనేం చెప్పినా? మింగుతదని చెప్పలా?"

మేడమ్ నవ్వింది. "మింగడం నిజమే. కానీ తన మీద పడినంతే మింగుతుంది. పక్కన మనిషి మీద పడేదాన్ని లాక్కోదు, గదిని శుభ్రం చేయదు. ఎంత పడిందో చెప్పడం వరకే దాని పని."

నూర్‌బీ మొహం చిన్నబోయింది. "అయితే నేను చేసిందంతా దండగేనా?"

మేడమ్ మాట మార్చడానికన్నట్టు, "పసిపిల్లలకు ఫోటో తీసేటప్పుడు కదలకుండా ఎవరు పట్టుకుంటున్నారు?" అని అబిగయీలును అడిగింది.

అబిగయీలు చెప్పబోయి ఆగిపోయింది. ఒకప్పుడు తల్లులు భయపడి పారిపోతే తనే సీసపు ఆప్రాన్ కట్టుకుని పట్టుకునేది. ఈ కొన్ని నెలలుగా? పిల్ల ఏడుపు వినపడగానే నూర్‌బీ తనను గోడ వెనక్కి నెట్టేది. "నువ్వు పో, వీడి సంగతి నేను చూస్తా" అనేది. ప్రతిసారీ. తను దాన్ని ఆమె పెత్తనం కింద లెక్కేసుకుంది.

"నేనే పట్టుకుంటున్నా మేడమ్" అంది నూర్‌బీ. "పాపకు కడుపని తెలిసినప్పటి నుంచి. నాకేమైతే ఏముండాది, ముసలిదాన్ని."

"మీ బిళ్ల ఎక్కడ?"

"ఆయాలకు బిళ్ల ఎవరిస్తారు మేడమ్?"

మేడమ్ కాస్త గట్టిగానే చెప్పింది, పిల్లల్ని తల్లో తండ్రో ఆప్రాన్ కట్టుకుని పట్టుకోవాలి గానీ రోజూ ఒకే మనిషి పట్టుకోకూడదని, ఆ గదిలో తిరిగే మనిషికి బిళ్ల ఉండి తీరాలని. అబిగయీలుకు ఆ మాటలు సగమే వినపడ్డాయి. నూర్‌బీ చేతుల వైపే చూస్తోంది. ఎంతమంది పిల్లల్ని పట్టుకున్నాయో ఆ చేతులు, తన కడుపులో బిడ్డకోసం.

రైల్లో కిటికీ పక్కన కూచున్నాక ఆ చెయ్యి పట్టుకుంది. "దండగ కాదక్కా. నువ్వు కట్టింది దండగేమో గానీ, నువ్వు చేసింది కాదు. నిన్ను పొమ్మన్నాను, ఆ మాట మనసులో పెట్టుకోవద్దు."

"ఏ మాట? నాకేం గుర్తుంది?" అంది నూర్‌బీ. గుర్తులేకపోతే కళ్లెందుకు తుడుచుకుందో మరి. అంతలోనే రూఫస్ మీద పడింది. "అబ్బాయ్, అట్లా చూస్తా కూచోకపోతే నాయుడుపేటలో దిగి పాపకు ఇడ్లీ తెస్తే ఏం?"

నెలలు నిండాక ఆ ఆసుపత్రిలోనే కాన్పయింది. బిడ్డ బయటపడ్డాక కాసేపు ఏడవలేదు. తలుపు బయట నూర్‌బీ బుగ్గలు పూరించుకుని, గోడకు ఆనుకుని, మొహం కందగడ్డలా చేసుకుని నిలబడింది. లోపల కేర్‌మని వినపడ్డాకే గాలి వదిలి, "ఇంక వదిలేయ్, ఇంక వదిలేయ్" అని తనకు తనే చెప్పుకుంటూ నేలమీద కూచుంది. ఆడపిల్ల. వేళ్లు, కళ్లు, చెవులు, గుండె చప్పుడు, అన్నీ ఒకటికి రెండుసార్లు చూశారు. ఏ లోపమూ లేదు.

కాన్పయిన ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టడం వాళ్లలో ఆనవాయితీ. బిడ్డతల్లి లేచి సాక్ష్యం చెప్పాలి. యెహోషువ పాస్టరుగారు ప్రార్థన చేశాక అబిగయీలు బిడ్డనెత్తుకుని లేచింది. దేవుడికి స్తోత్రం చెప్పింది. రూఫస్‌కూ డాక్టర్లకూ కృతజ్ఞతలు చెప్పింది. తర్వాత వెనక గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నిలబడ్డ నూర్‌బీని చూపించింది.

"నాకు బిడ్డ లేదని ఏడ్చిన రోజుల్లో నాకు టీ పెట్టింది ఈ అక్క. బిడ్డ ఉందని తెలిసినాక నా బదులు ఆ గదిలో నిలబడింది ఈ అక్క. నన్ను భయపెట్టిందీ ఈమే, బతికించిందీ ఈమే. దేవుడు నాకిచ్చిన మేళ్లలో ఈమె ఉంది. ఇది నా సాక్ష్యం."

అందరూ "ఆమెన్" అన్నారు. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "ఆ తాయెత్తు విషయంలో నన్ను కూడా వాడుకున్నాడు దేవుడు" అనేసరికి ఇల్లంతా గొల్లుమంది. నూర్‌బీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బలవంతం చేసి ఆమెను ముందు కుర్చీలో కూచోబెట్టారు, మొదటి విస్తరి ఆమెకే వేశారు.

అబిగయీలు పట్టుబట్టి ఆనందబాబు చేత నూర్‌బీకి బిళ్ల తెప్పించింది. షేక్ నూర్‌బీ అని అచ్చులో పేరు. ఆమె అది ఛాతీ మీద పెట్టుకుని, రొంపకు మందు కోసం వచ్చినవాళ్లకు కూడా చూపించింది. పిల్లల్ని పట్టుకోవడం మానిపించారు గానీ, కేక మాత్రం మానిపించలేకపోయారు. ఎవరూ మానిపించాలనీ అనుకోలేదు.

మూడు నెలల తర్వాత ఆమె మొదటి రిపోర్టు వచ్చింది. అబిగయీలు సెలవు అయిపోయి డ్యూటీలో చేరిన వారం అది. "అక్కా, నీ గుండీలు వేడి చేసినారంట. ఏమీ లేదంట, సున్నా" అని చదివి చెప్పింది. మళ్లీ చదవమంది నూర్‌బీ. మళ్లీ చదివితే కళ్లు మూసుకుని వింది.

ఆ సాయంత్రం అబిగయీలు క్వార్టర్సుకు వచ్చేసరికి నూర్‌బీ ముందే వచ్చి పిల్లను ఊపుతోంది. దూలానికి వేసిన చీర ఉయ్యాల. దాని పైముడికి నల్లదారం, ఆ దారానికి బిళ్ల. ఇన్నాళ్లూ చీర మడతల చాటున ఉన్నది, ఈ పూట బయటికి జారింది.

"అక్కా! మళ్లీనా? దాన్ని ఆఫీసు చెక్కకు తగిలించాలని చెప్పలా?"

"పగలంతా నా ఛాతీ మీదే ఉంటది. రాత్రికే ఇక్కడ. ఇక్కడేమన్నా మిషన్ ఉండాదా, ఫోటో తీస్తారా?"

"అది పక్కవాళ్లది లాక్కోదని మేడమ్ చెప్పింది గదా. మరిచిపోయినావా?"

"మరిచిపోలా." నూర్‌బీ ఉయ్యాల ఆపకుండానే చెప్పింది. "లాక్కోదని తెలిసే కట్టినా. చెప్పడం వరకే దాని పని అనింది గదా ఆ మేడమ్. ఆ చెప్పేదే నాకు కావాల. బిడ్డ పక్కకు ఏ కీడూ రాలేదని మూడు నెలలకోసారి కాగితం వస్తది. నువ్వు చదివితే నేను వింటా. ఈ పొద్దు విన్నా గదా."

అబిగయీలుకు అప్పుడర్థమైంది, పొద్దున ఆమె రెండోసారి ఎందుకు చదివించుకుందో. ఉయ్యాలలోకి వంగి చూసింది. పిల్ల నోరు కొంచెం తెరిచి, నిండుగా ఊపిరి తీస్తూ నిద్రపోతోంది.

"రేపు పొద్దున పెట్టుకోవడం మరిచిపోవద్దు మరి" అంది. దారం ముడి కాస్త వదులుగా ఉంటే, తనే బిగించి కట్టింది.